మెడ గడ్డకీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్ మూడోసారి వచ్చింది. పిల్లలకి పుట్టుకతో వచ్చే మెడ గడ్డకి కారణం, తల్లి గ్రహణం పూట కదలకుండా పడుకోకపోవడమేనట. సున్నం, బెల్లం పట్టేస్తే కరిగిపోతుందట. కత్తి పెట్టిస్తే మాత్రం క్యాన్సరవుతుందట. మా చెల్లెలి కొడుక్కి ఆ గడ్డే ఉండేది కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

గ్రహణం సంగతి ముందు. పెదవి చీలికకే గ్రహణం మొర్రి అని పేరు పెట్టుకున్నవాళ్లం, మెడని వదులుతామా? ఏడో నెలలో గ్రహణం పూట వంకాయలు తరిగావని మా చెల్లెల్ని వాళ్ల అత్తగారు ఇప్పటికీ దెప్పుతారు. కానీ ఈ గడ్డ కథ థైరాయిడ్ గ్రంథితో మొదలవుతుంది. ఆ గ్రంథి పుట్టేది మెడలో కాదు, నాలుక మొదట్లో. పిండానికి 4వ వారంలో అక్కడ మొదలై, సన్నటి గొట్టం ఒకటి వెనక వదులుతూ కిందికి జారి, 7వ వారానికి తన చోటికి చేరుతుంది. పదో వారం లోపు ఆ గొట్టం మాయమైపోవాలి. ఎక్కడో చిన్న ముక్క మిగిలితే, దాని లోపలి పొర ఊరి ఊరి తిత్తిలా ఉబ్బుతుంది. అదే థైరోగ్లాసల్ సిస్ట్. వంకాయలు తరిగే నాటికి ఆ గొట్టం సంగతి తేలిపోయి నెలలు గడిచాయి.

"పుట్టుకతో వచ్చిందైతే ఐదేళ్లదాకా ఏమైంది?" అని కూడా ఉంది అందులో. గొట్టం ముక్క ముందునుంచీ ఉంటుంది. ఏ జలుబు చేసినప్పుడో చీము పట్టి వాచేదాకా కంటికి ఆనదు, అంతే. మావాడిది మొదట గవదబిళ్లలనుకున్నాం. డాక్టరుగారు మెడ మధ్య గడ్డని రెండు వేళ్లతో పట్టుకుని "ఏదీ, నాలుక చాపు నాన్నా" అన్నారు. వాడు వెక్కిరించినట్టు చాపగానే గడ్డ టక్కున పైకి లేచింది. నాలుక మొదలుతో ఇంకా ముడి ఉందన్నమాట.

మెడ పక్కన వచ్చేది వేరు. పిండం మెడ దగ్గర వరసగా వచ్చే మడతల మధ్య గాడి పూడకుండా మిగిలితే వచ్చే బ్రాంకియల్ సిస్ట్ అది. ఆ మడతలు చూడ్డానికి చేప మొప్పల్లా ఉంటాయి గానీ మొప్పలు కావు.

సున్నం పట్టుతో చర్మం కాలుతుంది, తిత్తి కరగదు.

కత్తి భయం మాత్రం గాల్లోంచి పుట్టలేదు. పైకి కనిపించే తిత్తినొక్కదాన్నే తీస్తే చాలామందిలో మళ్లీ వస్తుంది. చూసినవాళ్లు ముదిరిందనుకుంటారు. ఆ గొట్టం గొంతు పైనున్న హయాయిడ్ ఎముకని అంటిపెట్టుకుని పోతుంది. అందుకే ఆ ఎముక మధ్య ముక్కనీ, నాలుక మొదలుదాకా గొట్టాన్నీ కలిపి తీసే పద్ధతిని 1920లో అమెరికా సర్జన్ సిస్ట్రంక్ రాసిపెట్టాడు. అలా తీస్తే తిరగబెట్టడం బాగా అరుదు. ఈ తిత్తుల్లో క్యాన్సర్ నూటికి ఒకటి, అదీ ఎక్కువగా పెద్దవాళ్లలో. కత్తి వల్ల కాదు.

మెసేజ్ రాసినాయనకి నిజంగా భయపెట్టాలనుంటే ఒక మాట ఉంది, అదే వదిలేశాడు. ఒక్కోసారి సిస్టనుకున్న ఆ గడ్డే పిల్లాడికున్న ఒకే ఒక్క థైరాయిడ్ కావచ్చు. చూడకుండా తీసేస్తే జీవితాంతం మాత్రలే. మావాడికి అల్ట్రాసౌండ్ తీయించి, థైరాయిడ్ దాని చోట అదుందని చూశాకే ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు.