రోగం వస్తే రైలెక్కిస్తారా?

ఆరోగ్య లెక్కల ప్రకారం పనిలో ఉన్న వలస కూలీ స్థానికుడి కంటే గట్టిగానే ఉన్నాడు, అతనికి ప్రత్యేకంగా వైద్య వసతులెందుకు అనే వాదన మళ్ళీ వినబడుతోంది. యజమానులు అన్నారంటే వాళ్ళ లాభం వాళ్ళది అనుకోవచ్చు. బాధ్యత గల కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కూడా అదే పాట అందుకుంటే ఊరుకోలేం. జబ్బు పడ్డవాళ్ళు ఆ లెక్కలోంచి ఎక్కడికి పోయారో వీళ్ళకు తెలియదా? తెలియకపోతే ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం స్టేషన్‌కు వచ్చి, గుజరాత్‌లోని సూరత్ నుంచి వచ్చే రైలు ఆగినప్పుడు ఎవరెవరు దిగుతున్నారో చూడాలి.

వాళ్ళు చెప్పే అంకెలు అబద్ధం కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. 1986లో అమెరికాలో కిరియాకోస్ మార్కిడెస్, జీనైన్ కొరీల్ అనే పరిశోధకులు నైరుతి రాష్ట్రాల హిస్పానిక్ ప్రజలు ఎంత పేదరికంలో ఉన్నా వాళ్ళ ఆరోగ్యం తెల్లవాళ్ళకు దగ్గరగా ఉందని చూపించారు. కెనడా, ఆస్ట్రేలియాల్లోనూ కొత్తగా దిగినవాళ్ళు అక్కడే పుట్టినవాళ్ళ కంటే ఆరోగ్యంగా కనిపిస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేడా కరిగిపోతుంది. పల్లె నుంచి నగరానికి వెళ్ళే చైనా కార్మికుల్లోనూ ఇదే తంతు. దీనికి పరిశోధకులు చెప్పే కారణాల్లో రెండు మనకు బాగా తెలిసినవే. మొదటిది, దూరం వెళ్ళేది ఒంట్లో సత్తువ ఉన్నవాడే. కెనడా వాళ్ళు వీసాకు ముందు డాక్టర్ పరీక్ష పెడతారు. మన దగ్గర ఆ పని మేస్త్రీ చేస్తాడు, కండ చూసి అడ్వాన్స్ ఇస్తాడు. రెండోది, జబ్బు ముదిరినవాడు సొంతూరు చేరతాడు. చనిపోతే ఆ మరణం సొంతూరి రిజిస్టర్‌లో పడుతుంది. పని చేయించుకున్న ఊరి లెక్క మాత్రం శుభ్రంగా ఉంటుంది.

సూరత్ మరమగ్గాల మీద పనిచేసే గంజాం కుర్రాళ్ళ బతుకు మా పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు దిమ్మెత్తించే మగ్గాల మోత, దుమ్ము. పగలు ఒకడు పడుకున్న చోటే రాత్రి ఇంకొకడు పడుకునే మెస్ గది. ఇరవై ఏళ్ళకు వెళ్ళినవాడు నలభై దాటేసరికి వినికిడి తగ్గి, ఆయాసంతో తిరిగొస్తాడు. ఆ ఆయాసం ఎవరి ఖాతాలో పడుతోంది? గంజాం ఖాతాలో. అక్కడ అంటుకున్న క్షయ ఎవరి ఖాతాలో? అదీ గంజాం ఖాతాలోనే. వలస దారుల్లో వచ్చిన హెచ్‌ఐవీకి ఒడిశాలో చెడ్డపేరు మోస్తున్నదీ ఈ జిల్లానే. 2020లో రైళ్ళు దిగినవాళ్ళను బడుల్లో పెట్టి, వాళ్ళు కోవిడ్ తెచ్చారని ఊరూరా తిట్టుకున్నాం. తెచ్చింది నిజమే కావచ్చు. వాళ్ళకు అంటించిన గదుల గురించి, ఆ గదులకు అద్దె తీసుకున్నవాళ్ళ గురించి ఎవరైనా మాట్లాడారా? రసం అక్కడ, పిప్పి ఇక్కడ.

జబ్బు చేస్తే ఇంటికి పోవాలనుకోవడం మానవ సహజం, ఎవరూ బలవంతంగా పంపడం లేదు అని కొందరంటారు. ఆయుష్మాన్ కార్డు ఇప్పుడు దేశమంతా చెల్లుతుంది కదా అని ఇంకొందరంటారు. ఒడిశా 2025లో ఆ పథకంలో చేరిన మాట నిజమే, మంచి పనే. కానీ ఆ కార్డు పనికొచ్చేది ఆసుపత్రిలో చేరినప్పుడు. రోజూ దగ్గుతూ మగ్గం ముందు నిలబడే మనిషికి కావలసింది ముందు ఒక పరీక్ష, ఒక సెలవు రోజు, ఆ సెలవుకు కూలి. క్షయ మందులు కనీసం ఆరు నెలలు వరసగా వాడాలి. మూడో నెలలో పని పోయి రైలెక్కినవాడి మందులు ఎక్కడ తెగిపోయాయో ఎవరు చూస్తారు? క్షయ రోగుల్ని నమోదు చేసే కంప్యూటర్లో అతనికి నంబరైతే ఉంటుంది.

చట్టం సంగతీ చూద్దాం. వలస కూలీలకు రక్షణ ఉండాలని ఈ దేశంలో ముందుగా అన్నది ఒడిశానే. 1975లో ఇక్కడ దాదన్ కార్మికుల (అంటే అడ్వాన్స్ తీసుకుని వలస వెళ్ళే కూలీల) చట్టం వచ్చింది. దాని వెనకే 1979లో కేంద్ర చట్టం వచ్చింది. ఐదుగురు వలస కూలీలున్నా ఆ చట్టం వర్తించేది, ఉచిత వైద్యం కాంట్రాక్టర్ బాధ్యత అని స్పష్టంగా రాసుకుంది. అమలు అంతంత మాత్రమే, అది వేరే ఏడుపు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రత, ఆరోగ్య కోడ్ ఆ ఐదును పది చేసింది. పది మంది వలస కూలీలు కూడా లేని చోటికి ఎనిమిది మందిని తెచ్చే చిన్న మేస్త్రీ ఇక ఆ నిబంధనల కింద జవాబు చెప్పనక్కర్లేదు. ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష అన్నారు, అదీ ప్రభుత్వం నిర్ణయించిన వర్గాలకే. ఊరికి వెళ్ళిరావడానికి ఛార్జీలివ్వాలని కూడా రాశారు. మొత్తం కోడ్‌లో యజమానులు ఇష్టంగా పాటించేది బహుశా ఆ ఒక్క ముక్కనే, అదీ సగం. పోవడానికి ఇస్తారు, రావడానికి ఇవ్వరు.

నూలు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఎప్పటినుంచో ఉంది. అయితే ఫలానా ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు పనిచేశానని చూపించే కాగితం ఉండాలి. నోటిమాట మీద చేరి, నోటిమాట మీద మానేసినవాడి దగ్గర ఏ కాగితం ఉంటుంది? రైలెక్కించడమంటే మనిషిని పంపడమొక్కటే కాదు, సాక్ష్యాన్ని కూడా పంపేయడం. ఒక రాష్ట్రం ఇలా తప్పించుకుంటే రెండోది నేర్చుకుంటుంది. ఇప్పటికే నేర్చుకుంది.

ఎవరు నేర్చుకున్నారంటారా? మనమే, తెలుగువాళ్ళమే. సూరత్ సేఠ్‌ను తిట్టే నోటితోనే ఇది కూడా ఒప్పుకోవాలి. ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ నుంచి మిరప కోతలకు సరిహద్దు దాటి వచ్చే ఆదివాసీలతో పని చేయించుకునేది తెలుగు రైతులు, తీసుకొచ్చేది చాలాచోట్ల తెలుగు మేస్త్రీలు. మలేరియా జ్వరంతో వణుకుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా బస్సెక్కించి చేతులు దులుపుకునేవాళ్ళు మనలో లేరా? భద్రాచలం ప్రభుత్వాసుపత్రి, విశాఖ కేజీహెచ్ ఒడిశా నుంచి వచ్చినవాళ్ళకు కూడా వైద్యం చేస్తున్నాయి. ఆ డాక్టర్లు, నర్సులు చేసే పనిని చూపించి రైతులు, మేస్త్రీలు తమ బాధ్యత తీరిపోయిందనుకోవడం సిగ్గుచేటు. బయటి రాష్ట్రాల రోగుల భారం అంతా మా మీదే పడుతోందని ఆంధ్రలో, తెలంగాణలో సణిగే నాయకులు ఆ రోగుల చెమటతో ఎండిన మిరపకాయల లెక్క కూడా చెప్పాలి కదా.

మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చీటీ మీద ఒక గడి పెంచండి: ఎక్కడ పనిచేసి వచ్చారు, ఎన్నేళ్ళు, ఏ పని. ఆ చీటీల లెక్కను ఏటా గుజరాత్, తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలకు పంపి జవాబు అడగండి. పని చేయించుకున్న రాష్ట్రమే ఆ జబ్బును తన ఖాతాలో రాసుకోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆయా జిల్లాల వైద్యాధికారుల ఉత్తర్వులు చాలు.

ఇక ఒడిశా సరిహద్దు ఎమ్మెల్యేలకు ఒక మాట. ఎన్నికలప్పుడు ఓటర్లను సూరత్ నుంచి రప్పించడానికి బస్సులు, టికెట్లు మీకు దొరుకుతాయి. ఎవరు ఏ గదిలో ఉంటున్నారో, ఏ ఫోన్ నంబరో మీ కార్యకర్తల దగ్గర జాబితా ఉంటుంది. ఆ జాబితాను వైద్యాధికారికి ఇవ్వడానికి మీకేం అడ్డం?