పాత వీటెక్‌లో 20డబ్ల్యూ-50 పోయడం ఆపండి

"పాత బండి కదండీ, కాస్త చిక్కటి ఆయిల్ పోద్దాం." విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరులో గానీ పాత పెట్రోల్ కారు బానెట్ ఎత్తగానే వినపడే మొదటి మాట ఇదే. మీటర్ లక్ష దాటిందంటే చాలు, 20డబ్ల్యూ-50 డబ్బా దిగిపోతుంది. హోండా సిటీ 1.5 వీటెక్ (వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే హోండా పద్ధతి) అయినా, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అయినా, ఫియట్ పాలియో 1.6 అయినా అన్నిటికీ అదే మందు. ఈ కార్లు ఇక తయారు కావు, స్పేర్లు దొరకడమే గగనం. అలాంటి ఇంజిన్లను తెలిసీ తెలియని మాటతో అరగదీస్తుంటే చూడలేక ఇంత పొడుగు రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బా మీద అంకెల సంగతి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఇంజిన్ తిరగడానికి సంబంధించింది, వెనకున్న అంకె (గ్రేడ్ అంటే ఇదే) వేడెక్కాక ఆయిల్ చిక్కదనానికి. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మనకి సంక్రాంతి తెల్లవారుజామున కూడా ఆ చలి లేదు కాబట్టి ఏదైనా ఒకటే అనుకుంటారు. కాదు. 40 డిగ్రీల దగ్గర మామూలు 5డబ్ల్యూ-40 చిక్కదనం 85 సెంటీస్టోక్స్ అటూ ఇటూ ఉంటే, 20డబ్ల్యూ-50 ది 160 దాకా ఉంటుంది. మే నెలలో షెడ్డులో రాత్రంతా ఉన్న కారులో ఆయిల్ కూడా పొద్దున్న అంతకంటే చల్లగానే ఉంటుంది, అంటే తేడా ఇంకా ఎక్కువ. స్టార్ట్ చేయగానే ప్రెషర్ మీటర్ ముల్లు పైకి లేస్తుంది, చూసి సంబరపడతాం. కానీ ఆ ప్రెషర్ ఎక్కువైనందుకే పంపులోని రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్‌ని మళ్లీ సంప్‌లోకే (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) వదిలేస్తుంది. ఫిల్టర్ బైపాస్ కూడా తెరుచుకోవచ్చు, అప్పుడు వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగుల్లోకి పోతుంది. ప్రెషర్ ఉన్నంత మాత్రాన పైన వాల్వులను తెరిచే క్యామ్ దాకా ఆయిల్ చేరినట్టు కాదు.

చిక్కటి ఆయిల్ పోయించడానికి పెద్ద కారణం ట్యాపెట్ సౌండ్, అంటే వాల్వుల దగ్గర వచ్చే టకటక చప్పుడు. సిటీ వీటెక్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ప్రెషర్‌తో వాల్వ్ సందుని వాటంతటవే సరిచేసుకునేవి) లేవు. వాల్వుని నొక్కే రాకర్ చివర స్క్రూ, లాక్ నట్ ఉంటాయి. టకటక వస్తోందంటే క్లియరెన్స్, అంటే రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు, పెరిగిందని అర్థం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక వాల్వ్ కవర్ తీసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి బ్లేడ్ల సెట్టు) మాన్యువల్‌లో ఉన్న కొలతకి సరిచేయాలి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ కొలతలు వేరు వేరు, రెండిటికీ ఒకే బ్లేడు వాడేవాళ్ల దగ్గర జాగ్రత్త. ఒక పూట పని. దాని బదులు చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుంది, రోగం అలాగే ఉంటుంది. పైగా వీటెక్ పనిచేసేదే ఆయిల్ ప్రెషర్‌తో: సోలినాయిడ్ తెరుచుకుంటే ఆయిల్ వెళ్లి రాకర్లలోని పిన్నులను తోస్తుంది, అప్పుడే పెద్ద క్యామ్ అందుకుంటుంది. చల్లటి చిక్కటి ఆయిల్ ఆ సన్నటి దారుల్లో మెల్లగా పోతుంది. సోలినాయిడ్ కింద చిన్న జాలీ ఒకటి ఉంటుంది. ఇంజిన్ జోరుగా తిరిగేటప్పుడు లాగుడు తగ్గిందని ఇంజిన్ విప్పించే ముందు ఆ జాలీ, దాని గాస్కెట్ చూడండి.

ఆక్టేవియా ఆర్‌ఎస్ కథ వేరు, ఇంకా ప్రమాదం. అందులోని 1.8 టర్బోకి హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్నాయి, టర్బో షాఫ్ట్ తిరిగేది ఆయిల్ పొర మీదే. నాసిరకం ఆయిల్ పోసి ఎక్కువ దూరం తిప్పితే సంప్‌లో మడ్డి పేరుకుని పికప్ జాలీ (పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే వడపోత) మూసుకుపోతుంది. ఈ కుటుంబం ఇంజిన్లున్న పస్సాట్‌లకు అమెరికాలో మడ్డి సమస్య ఎంత ముదిరిందంటే, ఆ ఒక్క సమస్యకే వారంటీని ఎనిమిదేళ్లకు పెంచాల్సి వచ్చింది. వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ లైట్ మినుకుమంటే చిక్కటి ఆయిల్ వైపు చూడకండి. సంప్ దించి జాలీ శుభ్రం చేయించండి. సగం మూసుకుపోయిన జాలీలోంచి చిక్కటి ఆయిల్‌ని పంపు పీల్చలేదు, మొదట పోయేది టర్బోనే.

దీనికి అటు చివర ఇంకో తప్పు ఉంది. కొత్త కార్లకి 0డబ్ల్యూ-20 పోస్తున్నారు కాబట్టి అది గొప్పదనుకుని పాత ఇంజిన్‌లో పోయడం. ఇది ఇంకా దారుణం. మండువేసవిలో ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడినా, మంగళగిరి దాటి గుంటూరు హైవే మీద ఆగకుండా తొక్కినా, కూలెంట్ ముల్లు మధ్యలోనే ఉంటుంది గానీ ఆయిల్ వేడి దాన్ని దాటిపోతుంది. అప్పుడు బేరింగుని కాపాడేది హెచ్‌టీహెచ్‌ఎస్ అనే కొలత, అంటే 150 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో ఆ లెక్క. 20 గ్రేడ్‌కి కనీసం 2.6, 30 గ్రేడ్‌కి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5. ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ఏ3/బీ4 అని ఉంటే 3.5కి తగ్గదని నమ్మకం. డబ్బా వెనక వెతకాల్సింది ఆ అక్షరాలు. ముందు పెద్దగా రాసిన 'ఫుల్లీ సింథటిక్' కంటే అవే ముఖ్యం.

జింక్ గురించి కూడా చెప్పాలి, అరుగుదల తగ్గించడానికి ఫాస్ఫరస్‌తో కలిపి ఆయిల్‌లో వేసేది. కొత్త ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గ్రేడ్లలో జింక్ తగ్గించేశారు, అందుకే పాత బండికి రేసింగ్ ఆయిల్ కావాలి అంటారు. ఫాస్ఫరస్‌కి 800 పీపీఎం పరిమితి పెట్టింది 30 గ్రేడ్, అంతకంటే పల్చటి ఆయిళ్లకి. 40 గ్రేడ్‌కి ఆ పై పరిమితి లేదు. మంచి 5డబ్ల్యూ-40లో ఈ కార్లకి సరిపడా ఉంటుంది. విడిగా సీసాల్లో అమ్మే 'ట్రీట్‌మెంట్లు' కలపొద్దు.

మరి ఏది పోయాలి? సిటీ వీటెక్‌కి 10డబ్ల్యూ-40 లేదా 5డబ్ల్యూ-40, ఏపీఐ ఎస్‌ఎన్ లేదా ఆ పైది. ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి 5డబ్ల్యూ-40, వీడబ్ల్యూ (ఫోక్స్‌వ్యాగన్) 502 00 అప్రూవల్ ఉన్నదే. 'అప్రూవ్డ్' వేరు, 'సూటబుల్ ఫర్' వేరు. రెండోది అమ్మేవాడి మాట మాత్రమే.

గ్రేడ్ పెంచాలా వద్దా అని చెవితో తేల్చకండి. ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ మెకానికల్ గేజ్ బిగిస్తే పావుగంటలో తేలిపోతుంది. హోండా డీ సిరీస్ ఇంజిన్లలో (పాత సిటీ వీటెక్‌లో ఉండేది) ఆయిల్ 80 డిగ్రీలకి వచ్చాక ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, 3,000 ఆర్‌పీఎం దగ్గర 50 ఉండాలి. అంతకంటే తగ్గితే పంపో బేరింగో అరిగింది. చిక్కటి ఆయిల్ ఆ సంగతిని కొన్నాళ్లు దాచిపెడుతుంది, అంతే. ఆయిల్ తాగుతోందా? పొద్దున్న స్టార్టింగ్‌లో నీలం పొగ వచ్చి పోతే వాల్వ్ సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగులు. టర్బో బండిలో అయితే ముందు బ్రీదర్ పైపులు (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి లాగే గొట్టాలు), వాటి వాల్వ్ చూడండి, ఖర్చు తక్కువ. 'సింథటిక్ పోశాక లీకులు మొదలయ్యాయి' అనేది కూడా సగం నిజమే. గట్టిపడిన సీలు దగ్గర పేరుకున్న మడ్డిని కొత్త ఆయిల్ కడిగేసింది, సీలు ముందే పోయింది. హోండాలో డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగు, వాల్వ్ కవర్ గాస్కెట్ మారిస్తే చాలాసార్లు ఆగిపోతుంది.

ఎప్పుడు మార్చాలి? డబ్బా మీద 10,000 రాసినా 5,000కే, లేదా ఆరు నెలలకి, ఏది ముందైతే అది. లబ్బీపేట నుంచి బందరు రోడ్డుకి రెండు మూడు కిలోమీటర్లు తిరిగే కారుకి కిలోమీటర్లు పెరగవు గానీ ఆయిల్ పాడవుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే తేమ, పెట్రోల్ ఆవిరి ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ కాబట్టి ఇంకా జాగ్రత్త పడాలి. మూత తీస్తే కింద పెరుగులా తెల్లగా కనిపిస్తే, వారానికోసారి వారధి దాటించి అరగంట ఆపకుండా నడపండి. అయినా పోకపోతే, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. వేడెక్కకముందు 3,000 దాటించొద్దు. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చాక కూడా ఆయిల్‌కి ఇంకో పది నిమిషాలు పడుతుంది.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా పాత ఆయిల్ దించండి, పూర్తిగా కారనివ్వండి. సంప్ బోల్టుకి ప్రతిసారీ కొత్త వాషర్ వేసి మాన్యువల్‌లో ఉన్న కొలతకి బిగించాలి. రెంచి మీద ఎక్కి తొక్కితే అల్యూమినియం మర పోతుంది. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. రెండు రబ్బర్లు పడితే హైవే మీద ఆయిలంతా బయటే. కొత్త రబ్బరుకి ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు. సిటీలో ముందు మూడు లీటర్లు పోసి ఆపండి, ఆక్టేవియాలో నాలుగు. స్టార్ట్ చేసి, ఆపి, ఐదు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూసి కొంచెం కొంచెంగా నింపండి. పై గీత దాటితే క్రాంక్ తగిలి నురగ వస్తుంది.

డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ ఈ కార్లకి వద్దే వద్దు. డబ్బా మీ ముందే తెరిపించండి. మూత కింద సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. ఖాళీ డబ్బాని అక్కడే కోయించండి, నకిలీ వాళ్లకి కావాల్సింది అదే.

ఇప్పటికే 20డబ్ల్యూ-50 పోయించేసి ఉంటే కంగారు పడొద్దు, ఫ్లష్ (మడ్డి కడిగే ద్రవం పోసి ఇంజిన్ తిప్పడం) అసలే వద్దు. పాత మడ్డి ఒక్కసారిగా ఊడితే జాలీలో ఇరుక్కుంటుంది. 10డబ్ల్యూ-40కి (ఆక్టేవియాలో 5డబ్ల్యూ-40కి) మారి, 2,000 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. దించిన ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి చూడండి. నల్లటి నలుసులు మడ్డి, అయస్కాంతానికి అంటేది ఇనుము, అంటకుండా మెరిసేది చాలావరకు బేరింగు నుంచి వచ్చిందే. మూడోది కనిపిస్తే కారు కదపకండి, సంప్ దించించండి.