స్టాండ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి

తెర మీదే పెన్నుతో బొమ్మలు గీసే వాకమ్ సింటిక్ ప్రో 27 స్క్రీన్ గురించి 4కె రిజల్యూషన్, 120 హెర్ట్జ్, 8192 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఒత్తిడిని గుర్తించే స్థాయిలు) అంటూ మీ వ్యాసంలో వివరంగా రాశారు. కానీ స్టాండ్ విడిగా కొనాలన్న సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. స్టాండ్ లేకుండానే ఏడు కిలోల పైన బరువుండే స్క్రీన్ అది. మామూలు టేబుల్ మీద పడుకోబెట్టి వంగి గీస్తే నెల తిరక్కుండా మెడ పట్టేస్తుంది.

రంగులు అసలుకు దగ్గరగా కనిపిస్తాయన్న మీ మాట మాత్రం నిజం. నేను విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాను, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. మిత్రుడి దగ్గర రెండు రోజులు దాని మీద గీశాను. ఏటికొప్పాక లక్కబొమ్మల పసుపు, ఎరుపు నా పాత స్క్రీన్ మీద ఎప్పుడూ వెలిసిపోయినట్టే కనిపించేవి. ఇక్కడ అసలు బొమ్మ పక్కన పెట్టి చూస్తే దాదాపు అదే రంగు! అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల శ్రేణిలో 99 శాతం చూపిస్తుందంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. అయినా ప్రింటింగ్‌కు పంపేముందు సీఎంవైకే ప్రూఫ్ (అచ్చు సిరాల్లో రంగులు ఎలా వస్తాయో చూపే నమూనా) చూసుకోవాల్సిందే. స్క్రీన్ మీద మెరిసే ఎరుపు కాగితం మీదికి అలాగే రాదు.

మన విశాఖ ఉక్కపోతలో చెమట చెయ్యి గాజుకు అతుక్కుంటుంది. గీసే చేతికి గ్లవ్ లేకపోతే గీత సాఫీగా సాగదు.

కొత్తగా నేర్చుకునే పిల్లలు దయచేసి అప్పు చేసి ఇంత పెద్దది కొనకండి. స్క్రీన్ లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ (కంప్యూటర్‌కు తగిలించి గీసే పలక) మీద ముందు చెయ్యి తిరగనివ్వండి.

రచయిత గారూ, పెన్ను ములుకులు మీకు ఎన్నాళ్లకు అరిగాయో కూడా చెప్పగలరా?