రెండు చెవుల నట్టు

భుజం ఇంకా సలుపుతూనే ఉంది. అందుకని ముందు కథ గబగబా చెప్పేస్తాను.

నా దగ్గర 1966 నాటి ఎంజీబీ కారొకటి ఉంది. ఇంగ్లండులోని అబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. వాటిలో ఒకటి ఇప్పుడు డాలస్ శివార్లలో మా గరాజులో ఆయిలు కారుస్తూ ఉంటుంది. మా ఆవిడ దాన్ని 'ఆ డబ్బా' అంటుంది. నేను పట్టించుకోను.

దాని టైర్లు చూడ్డానికి నిగనిగలాడుతూ ఉండేవి. గాడులు కూడా లోతుగానే ఉన్నాయి. కానీ టైరు వయసు గాడుల్లో కాదు, పక్కన అచ్చుపోసిన అంకెల్లో ఉంటుందని ఎవరో చెప్పారు. నాలుగంకెలుంటే మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడే ఉంటే 2000కి ముందు పుట్టిన టైరని అర్థం. నావి మూడే. 238. అంటే 23వ వారం సరే, 'ఎనిమిది' ఏ దశాబ్దంలోది? తొంభైలలోదైతే పక్కన చిన్న త్రిభుజం గుర్తు ఉండాలట. టార్చి వేసుకుని కారు కింద పడుకుని నాలుగు టైర్లకీ వెతికాను. ఎక్కడా లేదు. అంటే 1988, ఇంకా పాతవి కాకపోతే. నేను మూడో తరగతి చదివేటప్పటి రబ్బరు మీద కూర్చుని గంటకి అరవై మైళ్ల వేగంతో హైవే మీద తిరుగుతున్నానన్నమాట.

అక్కడ మొదలైంది టైర్ల ఎంపిక. నాలుగు వారాలు పట్టింది. మా పెళ్లిచూపులకి కూడా ఇంత పట్టలేదు.

కారు కొత్తలో కంపెనీవాళ్లు ఇచ్చిన సైజు 5.60-14. ఇప్పుడు దాని బదులు వేసే రేడియల్ టైరు సైజు 165ఆర్14. మధ్యలో ఉండాల్సిన అంకె, అంటే టైరు పక్క ఎత్తు దాని వెడల్పులో ఎంత శాతమో చెప్పేది, ఏదని అడక్కండి, ఆ రోజుల్లో రాసేవాళ్లు కాదు. ఏమీ రాయకపోతే సుమారు 80 అనుకోవాలి. 185/70 అయితే చవగ్గా దొరుకుతుంది, ఎత్తూ దాదాపు అంతే. కానీ నా చక్రాలు సైకిలు చక్రాల్లా ఊచలున్నవి. వాటికి అంత వెడల్పు టైరు వేస్తే వెనకాల బాడీకి రాసుకుంటుంది. పైగా లోపల ట్యూబు కూడా వెయ్యాలి. ఇవన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పదకొండు కాలమ్స్‌గా రాసుకుని, రంగులు కూడా వేసుకున్నాను.

చివరికి తేలిందేమిటంటే, నాకు కావలసింది 165/80 ఆర్14. అమెరికాలో ఆ సైజు అడిగితే తవ్వకాల్లో బయటపడ్డవాణ్ని చూసినట్టు చూస్తారు. ఇదే మాట గుంటూరులో ఉన్న మా బావమరిదితో అంటే, "బావగారూ, అది మా డిజైర్ టైరే కదండీ!" అన్నాడు. వాడు ట్యాక్సీ తిప్పుతాడు. బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి కావలసిన టైరు వాడి వీధి చివర కొట్లో దొంతర్లుగా పేర్చి ఉంటుందట.

అదే నెలలో మా మావయ్యగారు, అత్తయ్యగారు వస్తున్నారు. నేను లెక్క వేశాను. టైరు అడ్డంగా 62 సెంటీమీటర్లు, మందం 16.5. రెండు టైర్లు ఒకదాని మీద ఒకటి పెడితే, పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి 157. విమానంలో బ్యాగుకి అనుమతి 158! బరువు కూడా 23 కిలోల లోపే. దేవుడు నా పక్షాన ఉన్నాడనిపించింది. మా ఆవిడ లేదు. బ్యాగుల్లో గోంగూర వచ్చింది.

సరే, ఇక్కడే ఒక టైర్ల షాపుకి వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు మంచివాడే. వాడి కంప్యూటరే దుర్మార్గురాలు. దాంట్లో 1966 అనే సంవత్సరమే లేదు. సంవత్సరం ఎంచుకోకపోతే ముందుకి పోనివ్వదు. కుర్రాడు తల గోక్కుని 2006 మినీవ్యాన్ అని కొట్టాడు. అప్పుడది, ఈ టైరు మినీవ్యాన్‌కి సరిపోదు, మీ భద్రత దృష్ట్యా బిగించడానికి వీల్లేదంది. కారు బయట కిటికీ ఎదురుగానే ఉంది. వేలు పెట్టి చూపించాను. వాడూ చూశాడు, "వెరీ నైస్" అన్నాడు. కానీ కంప్యూటర్‌కి కిటికీ లేదు కదా. ఆఖరికి వాడే దారి చెప్పాడు: చక్రాలు ఊడదీసి విడిగా తెస్తే వేసిస్తాం, విడి చక్రానికి ఏ కారు అని అడగదట.

అలా ఆదివారం పొద్దున్న ఇంటి ముందు సుత్తి పట్టుకున్నాను.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ చక్రాలకి నాలుగైదు బోల్టులుండవు. నడిమధ్య ఒకే ఒక్క పెద్ద నట్టు, దానికి రెండు చెవులు. చెవి మీద రాగి సుత్తితో కొడితే తిరుగుతుంది. ఎడమ పక్క రెండు చక్రాలూ మూడేసి దెబ్బలకి లొంగిపోయాయి. మావయ్యగారు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ చూస్తున్నారు. అల్లుడి పనితనం చూపించడానికి ఇంతకన్నా మంచి రోజు ఉండదనుకున్నాను.

కుడి పక్క ముందు చక్రం దగ్గరికి వచ్చాను. ఒక దెబ్బ. కదల్లేదు. పది దెబ్బలు. కదల్లేదు. ఠంగ్ ఠంగ్ మని గుళ్లో గంట కొట్టినట్టుంది. కుక్కని తిప్పడానికి వచ్చిన పక్కింటి గుజరాతీ ఆయన ఆగాడు, కుక్క కూడా కూర్చుంది. ఎదురింటి పిల్లవాడు సైకిలు దిగి దెబ్బలు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై దగ్గర నేను చొక్కా చేతులు పైకి మడిచాను. డెబ్భై దగ్గర తుప్పు అని ప్రకటించి నూనె పోశాను. తొంభై దగ్గర బ్రిటిష్ వాళ్లని ఉద్దేశించి ఒక మాట అన్నాను. దాన్ని ఆ పిల్లవాడు ఇప్పుడు తెలుగులో స్పష్టంగా అనగలడు. నూట పన్నెండో దెబ్బకి సుత్తి జారి నా మోకాలికి తగిలింది.

అప్పుడు మావయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, దగ్గరికి వచ్చి, వంగి, కళ్లజోడు పైకి తోసుకుని చూశారు.

"అల్లుడుగారూ, దీని మీద ఏదో రాసుందండీ. యు, ఎన్, డి, ఓ. ఉండో... ఉండమని రాసుంటే ఊడమని కొడతారేమిటండీ?"

అన్‌డూ. అంటే 'విప్పు' అని. పక్కనే బాణం గుర్తు. నేను కొడుతున్న వైపుకి సరిగ్గా ఎదురు వైపుకి.

నేను ఇరవై రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. రోజుకి రెండొందల సార్లు అన్‌డూ కొడతాను. అదే మాట ఇంచుమించు అరచేతి మేర ఇనుము మీద పోతపోసి పెడితే కనబడలేదు. కారు ముందుకి పరిగెడుతుంటే నట్టు దానంతటదే బిగుసుకోవాలని ఎడమ పక్క ఒక రకం మర, కుడి పక్క దానికి ఎదురు మర పెట్టారట. అంటే నూట పన్నెండు దెబ్బలూ నేను బిగించాను. కారు హ్యూస్టన్ దాకా వెళ్లొచ్చినా అంత బిగిసేది కాదు.

"మా బస్సులకీ ఒక పక్క రివర్స్ థ్రెడ్ ఉండేదండీ" అన్నారు మావయ్యగారు. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్లు మెకానిక్‌గా చేశారు.

"మరి ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరు పెద్ద ఇంజినీరు. మీకు చెప్పేంతవాణ్నా?"

ఈ మర్యాద ఉంది చూశారూ, దీనివల్ల నా భుజం పోయింది.

ఆ తర్వాత సరైన వైపుకి నేను కొట్టాను, గుజరాతీ ఆయన కొట్టాడు, పిల్లవాడు కూడా ఒకటి వేశాడు. లొంగలేదు. వెనక చక్రం జోలికి నేను పోలేదు. నిన్న రెండు చక్రాలే పట్టుకెళ్లి టైర్లు వేయించుకొచ్చాను. ఇప్పుడు నా కారు ఎడమ పక్క కొత్తది, కుడి పక్క 1988. షాపు నుంచి మెసేజ్ కూడా వచ్చింది: మీ 2006 మినీవ్యాన్‌కి మా సేవలు నచ్చాయా అని.

రాత్రి బావమరిది ఫోన్ చేసి "ఉండో" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

ఇది రాస్తుండగా గరాజులోంచి ఠంగ్ మని చప్పుడు వినబడుతోంది. సుత్తి దాచిపెట్టాననే అనుకున్నాను. ఏ వైపుకి కొడుతున్నారో చూసొస్తాను.