మూడో వరుస

వానలు మొహం చాటేసిన ఆషాఢంలో మా ఆవిడకు ఒక మాట ఇచ్చాను. "సాగర్ గేట్లు ఎత్తితే ఆ ఆదివారమే తీసుకెళ్తాను." ఆకాశం చూసుకునే ఇచ్చాను లెండి. నా హామీలన్నీ ఆ జాతివే. పాత బకాయిలు వస్తే గాజులు, బత్తాయికి ధర పలికితే ఫ్రిజ్.

ఒక సాయంత్రం డిగ్రీ చదివే మా అమ్మాయి పెళ్లి పత్రిక వెనక, వాక్యం నిజమో అబద్ధమో తేల్చే సత్యపట్టిక గీసుకుంటోంది. నాలుగు వరుసలు. 'ని' అంటే నిజం, 'అ' అంటే అబద్ధం. 'ఇది జరిగితే అది' అనే వాక్యం ఒక్క రెండో వరుసలోనే అబద్ధమట: మొదటి సగం నిజమై, రెండోది అబద్ధమైనప్పుడు.

"మొదటిదే అబద్ధమైతే మొత్తం నిజమెలా అవుతుందే?"

"నీ సాగర్ మాటే తీసుకో నాన్నా. గేట్లు ఎత్తాక తీసుకెళ్లకపోతేనే మాట తప్పినట్టు. అసలు ఎత్తకపోతే నిన్నెవరు తప్పుపడతారు?"

ప్రాణం లేచొచ్చింది. 22 ఏళ్లుగా నేను కాపురం చేస్తున్నది నాలుగో వరుసలోనే! గేట్లు అ, ప్రయాణం అ, మాట మాత్రం ని. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలోనే ఫిలో అనే గ్రీకు తత్వవేత్త ఈ లెక్క తేల్చాడట. ఆయన గురువు డయొడోరస్ ఒప్పుకోలేదు. ఏ షరతు నిజమో అని ఇళ్ల కప్పుల మీద కాకులు కూడా అరుస్తున్నాయని ఒక గ్రీకు కవి వెక్కిరించాడు. మా పిట్టగోడ మీది కాకి మాత్రం నా పక్షమే అనిపించింది.

"మూడో వరుస సంగతేమిటి?" చిక్కుడుకాయ ఈనె తీస్తూ అడిగింది మా ఆవిడ.

"గేట్లు ఎత్తకపోయినా వెళ్లడం. అదీ నిజమే అమ్మా."

"ఊఁ" అని ఊరుకుంది. ఆ 'ఊఁ'ను నేను పట్టించుకోలేదు.

శనివారం రాత్రి ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. సాగర్ గేట్లు, తెల్లటి నురుగు, ఫొటోలు దిగే జనం. రెండో వరుసలో పడితే ఇంకేమైనా ఉందా! తెల్లవారకముందే పులిహోర కట్టించి, కిరాయి కారు మాట్లాడి బయలుదేరదీశాను. హాలియా దాటేసరికి ఎండ మాడ్చేస్తోంది.

తీరా చూస్తే 26 గేట్లూ పళ్లు బిగించినట్టు మూసి ఉన్నాయి. కింద రాళ్లు పొడిగా మెరుస్తున్నాయి. మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె మా వీడియో చూసి నవ్వింది. "ఇది నిరుటిది సారూ. ఈ ఏడు ఇంకా ఎత్తనే లేదు."

మా ఆవిడ వైపు తిరిగాను.

"ఎత్తారని నేనెప్పుడన్నానండీ? వీడియో చూపించానంతే" అంటూ కంకికి ఇంకాస్త నిమ్మకాయ రుద్దమని పురమాయించింది.

అమ్మాయి సంచిలోంచి పెళ్లి పత్రిక తీసి, మూడో వరుస పక్కన టిక్కు పెట్టింది.