మాల్‌కి తద్దినం పెడుతున్నారు, విస్తళ్ళు తెచ్చుకోండి

బరంపురం పౌరులకు, గంజాం జిల్లా తెలుగువారికి, హైదరాబాదులోనూ బెంగళూరులోనూ స్థిరపడి ఏటా దసరాకి వచ్చి ఊరి గతి చూసి నిట్టూర్చి వెళ్ళే పుణ్యాత్ములకు తెలియజేయునది ఏమనగా, మన మాల్ మంచం పట్టింది. కింది అంతస్తులో నాలుగు కొట్లు వెలుగుతున్నాయి. రెండో అంతస్తులో ఒక కోచింగ్ సెంటరు, మూడో అంతస్తులో పావురాలు. ఫుడ్ కోర్టులో బల్లల మీద కుర్చీలు బోర్లించేశారు. లిఫ్టు తలుపుకి ‘మరమ్మతులో ఉంది’ అని ఒడియాలో రాసి అంటించిన కాగితం ఎంత పాతదంటే, ఇప్పుడు ఆ కాగితానికే మరమ్మతు కావాలి. పరామర్శకు వచ్చేవాళ్ళకి లోటు లేదు. ఒక జత సాక్సు కొనమంటే మాత్రం ఒక్కరూ జేబులో చెయ్యి పెట్టరు.

ఈ దసరాకి మా తోడల్లుడుగారు హైదరాబాదు నుంచి దిగారు. స్టేషను నుంచి ఇంటికి వచ్చే దారిలో ఆటో ఆపించి, మాల్ గేటు ముందు నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ‘‘ఏటండీ ఇది? మన మాల్ ఇలా అయిపోయిందేటండీ?’’ అన్నారు. మా మామగారు పోయినప్పుడు కూడా ఆయన గొంతు అంతలా వణకలేదు. అప్పుడు రైలు టికెట్లు దొరకలేదని నేరుగా పదకొండో రోజు భోజనాలకి వచ్చారు. మాల్‌కి మాత్రం ప్రాణం ఉండగానే అందారు.

ఉన్నన్నాళ్ళూ అదే భజన. పొద్దున్న ఉప్మా ఘుగుని తింటూ మాల్, మధ్యాహ్నం పప్పులో నెయ్యి వేసుకుంటూ మాల్, సాయంత్రం గాలి పోసుకుందామని గోపాల్‌పూర్ తీసుకెళ్తే సముద్రానికి వీపు పెట్టి కూర్చుని మాల్. ‘‘ఎన్ని జ్ఞాపకాలండీ!’’ అంటారు. సరే, అక్కడ మీరు ఏం కొన్నారో చెప్పండి అని అడిగాను. ఆలోచించారు. చాలాసేపు ఆలోచించారు. ఒకసారి పాప్‌కార్న్ కొనబోయి ధర చూసి ఆగిపోయారట. ఇంకోసారి చొక్కా తొడిగి చూసుకున్నారట, ట్రయల్ రూములో అద్దం చాలా బాగుందిట. చొక్కా మాత్రం అదే రంగుది పెద్దబజారులో సగం ధరకి తీసుకున్నారట. ‘‘కొనడమొక్కటే ముఖ్యమాండీ? ఫీలింగ్ ఉండాలి’’ అని నన్నే కోప్పడ్డారు. నిజమే. అయితే ఫీలింగ్ తీసుకుని కరెంటు బిల్లుకి రసీదు ఇచ్చే కౌంటరు ఒడిశాలో ఇంకా తెరవలేదు.

అసలు సంగతి ఏసీ. మే నెలలో బరంపురం ఉక్క ఎలా ఉంటుందో ఎరిగినవాళ్ళకి వివరించక్కర్లేదు. ఊళ్ళో సగం మందికి మాల్ అంటే డబ్బులివ్వకుండా దొరికే చల్లగాలి. 1999లో ముంబైలో క్రాస్‌రోడ్స్ అనే మాల్ తెరిచినప్పుడు, క్రెడిట్ కార్డో మొబైల్ ఫోనో చూపిస్తేనే లోపలికి పంపేవారు, లేదంటే ప్రవేశ రుసుము కట్టాలి. మన మాల్‌లో అలాంటి నియమం ఒక్కటి పెట్టి ఉంటే మా తోడల్లుడుగారికి ఇన్ని జ్ఞాపకాలు పోగయ్యేవి కావు, మా ఇంట్లో దసరా కూడా ప్రశాంతంగా జరిగేది.

పైగా ‘మన మాల్’ట. ఎవరిదండీ అది? కట్టినవాళ్ళు కొట్టుకో రేటు కట్టి ముక్కలుగా అమ్ముకుని ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. ఒకటి డాక్టరుగారి భార్య పేరున, ఒకటి కాంట్రాక్టరు బావమరిది పేరున, మరొకటి దుబాయిలో ఉన్నాయన పేరున. ఒకరు అద్దె పెంచుతారు, ఒకరు తాళం వేసి పోతారు, ఒకరు సిమెంటు బస్తాలు పెట్టుకుంటారు. ఏ అంతస్తులో ఏ కొట్టు ఉండాలో చూసే నాథుడు లేడు. జనాన్ని లాగే పెద్ద స్టోరు ఒకటి ఖాళీ చేసింది. దాని మీద ఆధారపడ్డ చిన్న కొట్లు వెనకాలే పోయాయి. పోయినవాళ్ళ మెయింటెనెన్సు వాటా ఉన్నవాళ్ళ నెత్తిన పడింది, అది మొయ్యలేక వాళ్ళూ పోయారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి దించిన షట్టర్లు కొన్ని మళ్ళీ లేవనే లేదు. ఆఖరికి ఏసీ ఆపేశారు. ఆ రోజుతో అభిమానులు కూడా రావడం మానేశారు.

ఇది మన ఊరి ఘనత ఒక్కటే కాదు. నైట్ ఫ్రాంక్ అనే సంస్థ 2024లో ఇచ్చిన నివేదికలో, దేశంలోని ఎనిమిది పెద్ద నగరాల్లో 40 శాతానికి పైగా ఖాళీగా పడి ఉన్న మాల్స్ 64 లెక్క తేలాయి. వాటికి దెయ్యాల మాల్స్ అని పేరు. మన మాల్ ఆ జాబితాలో లేదు, ఎందుకంటే బరంపురం మహానగరం కాదు. దెయ్యాల్లో కూడా మనల్ని లెక్కలోకి తీసుకోరు. దీని మీద ఎవరైనా వినతిపత్రం ఇస్తే నేనూ సంతకం పెడతాను.

ఇక్కడ మాల్‌గారి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి, తద్దినానికి గోత్రం కావాలి గనక. ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్ళిన విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్టు 1956లో మిన్నెసోటా రాష్ట్రంలో సౌత్‌డేల్ అనే మాల్ కట్టాడు. నాలుగు గోడల మధ్య, పైకప్పు కింద, ఎండా చలీ తగలని బజారు అదే మొదలని చెబుతారు. అక్కడ జనం నలుగురూ కలుస్తారు, కబుర్లాడుకుంటారు, ఊరికి ఒక నడిబొడ్డు ఏర్పడుతుంది అని ఆయన ఆశ. జరిగింది వేరు. చుట్టూ పార్కింగు, లోపల వ్యాపారం, ఊళ్ళోని పాత బజార్లు ఎండిపోవడం. చూసి చూసి విసిగి, ఈ అక్రమ సంతానానికి భరణం నేను కట్టనని పెద్దాయన 1978లో చెప్పేశాడు. కన్నతండ్రే కాదుపొమ్మన్న బిడ్డకి గంజాం జిల్లావాళ్ళం నువ్వులూ నీళ్ళూ వదులుతున్నాం. మన గుండె అంత పెద్దది.

అభిమానుల జ్ఞాపకాల్లో పెద్దపీట ఎస్కలేటర్‌ది. ఆ గౌరవం దానికి న్యాయమే. మాల్ కొత్తలో, రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాత్రాకి ఇచ్ఛాపురం నుంచి, కవిటి నుంచి, చికిటి నుంచి చుట్టాలు దిగేవాళ్ళు. అమ్మవారి దర్శనం అయ్యాక రెండో దర్శనం ఎస్కలేటర్. కింద ఒక గార్డు, పైన ఒక గార్డు. కిందివాడి పని తొయ్యడం, పైవాడి పని పట్టుకోవడం. ‘‘పెట్టు, కాలు పెట్టు’’ అని వాడు అరుస్తుంటే ఆడవాళ్ళు అత్తారింటి గడప దాటే కొత్తకోడళ్ళలా కుడికాలు వెతుక్కుని మరీ పెట్టేవారు. ఒకసారి ఒక ముసలమ్మ చెప్పులు విడిచింది, దండం పెట్టింది, తీరా చూసి వెనక్కి తగ్గింది. విడవడం మాత్రం కదిలే మెట్టు మీదే విడిచింది. ఆ చెప్పులు జంటగా, మర్యాదగా, ఎవరి సాయమూ లేకుండా పై అంతస్తుకి వెళ్ళిపోయాయి. ‘‘ఓలమ్మో, నా చెప్పులట్టుకుపోతంది!’’ అని కేక. పై గార్డు అలవాటుకొద్దీ వంగి, చెప్పులకి చెయ్యందించి దించాడు. అప్పటికే పైకెళ్ళిన మనవడు వాటిని తీసుకుని కిందికి రావాలంటే దిగే ఎస్కలేటర్ లేదు. మన మాల్‌లో ఎక్కడానికి మాత్రమే ఉండేది. మెట్లెక్కడున్నాయో గుంటడికి తెలీదు. ఎక్కేదాని మీదే దిగడం మొదలెట్టాడు. వాడు దిగుతున్నాడు, అది ఎక్కుతోంది, ముసలమ్మ కింద నిలబడి ‘‘రా నాయనా, రా నాయనా’’ అంటోంది, వాడు రెండు చెప్పులూ నెత్తి మీదికెత్తి పరిగెడుతూ ఉన్నచోటే ఉన్నాడు. జనం ఇదీ ప్రారంభోత్సవ కార్యక్రమమే అనుకుని చప్పట్లు కొట్టారు. చివరికి గార్డు ఎర్ర బటన్ నొక్కి ఆపాడు. ఆపడం నేర్పారు గానీ మళ్ళీ నడపడం నేర్పలేదుట. భువనేశ్వర్ నుంచి మనిషి రావాలి.

ఇప్పుడది శాశ్వతంగా ఆగింది. కాబట్టి దాని పాదాల దగ్గరే సంతాప సభ పెట్టాలని నా ప్రతిపాదన. ముఖ్య అతిథి ఆగిన ఎస్కలేటర్ ఎక్కి మాట్లాడాలి. సగం ఎక్కేసరికి ఆయాసం వస్తుంది, దాన్ని భావోద్వేగం అని పేపర్లో రాయించుకోవచ్చు. రెండు నిమిషాలు మౌనం పాటించాలి. ఆ రెండు నిమిషాల్లో సగం మందికి డెలివరీ కుర్రాళ్ళ దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయి, మీ పార్సిల్ ఎక్కడ ఇమ్మంటారు అని.

నవ్వుకుందాం, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ కన్నీళ్ళ మధ్య ఒక్కరి నోటివెంటా రాని మాట ఒకటుంది. ఆ కొట్లలో అమ్మాయిలుండేవాళ్ళు. బట్టలు మడతపెట్టే అమ్మాయిలు, బిల్లు కొట్టే అమ్మాయిలు. మా తోడల్లుడుగారు విప్పి కుప్ప పోసిన చొక్కాలు మళ్ళీ పిన్నులు గుచ్చి అట్టలో పెట్టిన అమ్మాయి. పొద్దున్న షట్టరు లేచింది మొదలు రాత్రి లైట్లు ఆర్పేదాకా నిలబడే ఉండేవాళ్ళు. కుర్చీ లేదు. కస్టమరు లేకపోయినా కూర్చోకూడదు, కెమెరాలో చూస్తారు. సాయంత్రమయ్యేసరికి చెప్పుల పట్టీ పాదంలోకి దిగి చారలు పడేది. గోడకి ఆనుకున్నా కేకలే. కోళికోడ్‌లో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి రోడ్డెక్కి పోట్లాడితే 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చింది, పనివాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. కూర్చోవడానికి చట్టం! మనిషికి కుర్చీ వెయ్యడానికి శాసనసభలో బిల్లు కావాల్సి వచ్చిన దేశంలో మనం ఎస్కలేటర్ తలుచుకుని ఏడుస్తున్నాం. కొట్టు మూసిన నెల జీతం వాళ్ళకి వచ్చిందా? ఇప్పుడు ఎక్కడ నిలబడుతున్నారు? అడిగితే మా తోడల్లుడుగారు, ‘‘అవునవును, యూనిఫారం బాగుండేదండీ’’ అన్నారు. యూనిఫారం గుర్తుందిట. సిగ్గుండాలి.

ఇంకా వినండి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి చెట్లూ స్తంభాలూ రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మాల్ గేటుకి తాళం. పెద్దబజారులో కిరాణా కొట్టాయన మోకాళ్ళ నీళ్ళలో నిలబడి సగం షట్టరు లేపి, కొవ్వొత్తులూ అటుకులూ బెల్లమూ ఇచ్చాడు. డబ్బులడగలేదు, ఖాతాలో రాసుకున్నాడు. ఆ కొట్టుకి ఏసీ లేదు గనక దాని మీద ఎవరికీ జ్ఞాపకాలు లేవు. మన పిల్లల తెలుగు బడుల్లో మాస్టార్లు తగ్గిపోయి, పుస్తకాలు అందక నానా అవస్థగా ఉన్నా దసరా చుట్టాలకి కన్ను చెమర్చదు. మగ్గం దిగి సూరత్ రైలెక్కిన నేతగాళ్ళ కోసం ఎవరూ ఆటో ఆపించరు.

వెళ్ళేముందు మా తోడల్లుడుగారు కూతురికి పట్టుచీర కొనాలన్నారు. పెద్దబజారులో తెలిసిన కొట్టుకి తీసుకెళ్ళాను. భౌగోళిక గుర్తింపు ఉన్న బరంపురం పట్టు, అంచుకి కుంభాల వరస. కొట్టాయన ‘‘రండి భాయినా’’ అని కూర్చోబెట్టి, చా తెప్పించి, చీర మీద చీర పరిచాడు. మా తోడల్లుడుగారు ప్రతి చీరకీ ఫోటో తీశారు. అంచు దగ్గరగా ఒకటి, కొంగు ఒకటి. తర్వాత కొట్టాయన ఎదురుగానే ఫోన్లో అలాంటివి వెతికి, ‘‘ఇక్కడ వెయ్యి తక్కువకి ఉందండీ, మూడు రోజుల్లో హైదరాబాదుకే పంపేస్తారుట’’ అన్నారు. అది మరమగ్గం మీద నేసింది బాబూ అని కొట్టాయన చెప్పబోయాడు. ఈయన లేచారు.

బయటికొచ్చాక ఈ సందుల్లో కారు పెట్టుకోవడానికి చోటు లేదని విసుక్కున్నారు. మాల్‌కైతే కింద సెల్లారులో బ్రహ్మాండమైన పార్కింగ్ ఉండేదిట. ఉండేది, నిజమే. గంటకి ఇరవై రూపాయలు తీసుకునేవారు. ఆయన స్కూటరు ఎప్పుడూ ఎదురుగా రోడ్డు మీద, పాన్ కొట్టువాడి బల్లకి అడ్డంగా పెట్టేవారు.