నీలిచుక్క గారికి పలాస నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ నీలిచుక్క గారి దివ్యసముఖానికి,

పలాస–కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ గుమస్తా నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు, మా షావుకారు గారి ఫోనులో, సరుకు ఓడ ఎక్కడుందో పటం మీద చూపే యాప్‌లో, ఏడు నిమిషాలకోసారి తెలుస్తూనే ఉంది. హైదరాబాదులో ఉన్న కన్నకొడుకు ఆయనకు నెలకొకసారి ఫోను చేస్తే గొప్ప. తమరు మాత్రం ఎక్కడున్నారో, ఎంత వేగంతో వెళుతున్నారో, ముఖం ఏ దిక్కుకు ఉందో చెప్పకుండా నిద్రపోరు. అందుకే తమరిని దత్తపుత్రుడిలా చూసుకుంటున్నారు. నెలనెలా చందా కూడా కడుతున్నారు. కట్టేది నా చేతుల మీదుగానే కాబట్టి ఈ ఉత్తరం రాసే చనువు తీసుకున్నాను.

మా సంగతి కొంచెం చెప్పాలి. ఉద్దానం తోటల్లో పండే జీడిపిక్క మా ఊరి ఫ్యాక్టరీలకు చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి చెట్లతోపాటు జీడి తోటలనూ నేలకు పడుకోబెట్టాక ఇక చెప్పేదేముంది. బాయిలర్ చల్లారకూడదు, పిక్క కొట్టే ఆడవాళ్లకు పని ఆగకూడదు. అందుకని ఘనా నుంచీ ఐవరీ కోస్టు నుంచీ టాంజానియా నుంచీ పిక్క తెప్పిస్తాం. చెట్టు ఆఫ్రికాది, చెయ్యి ఉద్దానానిది, పాయసం ఎవరింటిదో. గోనె బస్తాల్లో పిక్క, ఇరవై అడుగుల ఇనుపపెట్టెలో బస్తాలు, ఓడ మీద పెట్టె. ఆ ఓడ తాలూకు బొట్టు తమరు.

తమరు రాకముందు విశాఖలో క్లియరింగ్ ఏజెంటుకు ఫోను చేసేవాళ్లం. 'వస్తోంది' అనేవాడు. ఇప్పుడు అతనికి ఫోను చెయ్యకుండానే వస్తోందని మాకు తెలుస్తోంది. దీనికే డిజిటల్ విప్లవమని పేరు పెట్టారు. సరుకు హక్కు రాసిన కాగితం మాత్రం ఇప్పటికీ మూడు అసలు ప్రతుల్లో కొరియర్‌లోనే వస్తుంది. దాన్ని నా బీరువాలోనే పెడతాను, తాళం నా మొలతాడుకే ఉంటుంది.

పోయిన సీజన్‌లో ఏం జరిగిందో తమరికి గుర్తుందా? ఘనాలోని టెమా రేవులో మా పెట్టె ఓడ ఎక్కింది. షావుకారు గారు పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, తమరి దర్శనం చేసుకునేవారు. ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి వచ్చారు, శభాష్. కొలంబో చేరారు, శభాష్. మర్నాడు చూస్తే కొలంబో దాటి తూర్పుకు పోతున్నారు. విశాఖ ఉత్తరాన కదా అని నేను అన్నాను. 'నీకేం తెలుసు, అలల్ని బట్టి పోతుంది' అన్నారు. నాలుగో రోజుకు తమరు సింగపూర్‌లో తేలారు. తీరా విచారిస్తే మా పెట్టెను ఆ పెద్ద ఓడ కొలంబోలోనే దింపేసిందట. చిన్న ఓడ కోసం అది అక్కడే ఎండలో కూర్చుంది. తమరు పెట్టెను వదిలి ఓడ వెంట పోయారు. పెళ్లికొడుకు దిగిపోయాడని చూసుకోకుండా బస్సు ముందు బాజాలు వాయించుకుంటూ నడిచినట్టయింది మా పని.

ఇక్కడి నుంచి నిన్ను 'నువ్వు' అంటాను. ఏమనుకోకు.

సంబంధం కలుపుకునే ముందు గోత్రం అడగడం మా వైపు ఆచారం. షావుకారు గారు అడక్కుండానే చందా కట్టేశారు కాబట్టి ఆ పని నేను చేశాను. నీ తల్లి జీపీఎస్. 1973లో అమెరికా రక్షణ శాఖ ఇంట పుట్టింది. మొదట్లో మామూలు జనానికి చూపే చోటును కావాలనే వంద మీటర్ల దాకా పక్కకు జరిపి చూపించేవారు, సరైన లెక్క సైన్యానికే ఉంచుకునేవారు. 2000 మే నెలలో గానీ ఆ మసక తీయలేదు. నీ తండ్రి ఓడలో ఉండే రేడియో యంత్రం. 'నేను ఫలానా ఓడను, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను' అని రేడియోలో అరుస్తూ ఉండటం దాని ఉద్యోగం. ఓడలు గుద్దుకోకుండా పెట్టిన ఏర్పాటే. కానీ 2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట భవనాలు కూలాక భద్రత పేరు చెప్పి గడువు ముందుకు జరిపారు. 2004 ఆఖరుకల్లా దేశాలు దాటే ఓడల్లో 300 టన్నులు దాటిన ప్రతిదానికీ తప్పనిసరి చేశారు. మా పిక్క కూర్చునే ఇనుపపెట్టె నీకు మేనమామ. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెలతో మొదటి ఓడను పంపాడు. ఆ పెట్టె నిజంగా ఎదిగింది వియత్నాం యుద్ధంలో, అమెరికా సైన్యానికి సరుకు మోసి. అక్కడ సరుకు దింపేసి ఖాళీగా తిరిగొచ్చే ఓడలు జపాన్‌లో ఆగి సామాన్లు నింపుకోవడం మొదలుపెట్టాయి, వ్యాపారం అలా కుదురుకుంది.

అంటే ఇటు మూడు తరాలూ అటు మూడు తరాలూ సైన్యమే. అది తప్పని నేను అనను. శ్రీకాకుళం జిల్లాలో సైన్యానికి మనిషిని పంపని ఊరు వెతుక్కోవాలి. కానీ మా కుర్రాళ్లు సెలవు మీద వస్తే పొలం గట్టు మీద మామూలు మనుషుల్లాగే తిరుగుతారు. నువ్వు మాత్రం మా ఇంట్లో చాప మీద కూర్చుని కూడా డ్యూటీలోనే ఉంటావు. ఎప్పుడు ఎవరు పిలుస్తారో, ఎటు లేచిపోతావో తెలియదు.

2017 జూన్‌లో నల్ల సముద్రంలో ఇరవైకి పైగా ఓడలు ఉన్నట్టుండి సముద్రం వదిలి రష్యాలోని ఒక విమానాశ్రయంలో కనిపించాయి. ఓడలు నీళ్ల మీదే ఉన్నాయి, నువ్వు మాత్రం రన్‌వే మీద నిలబడ్డావు. ఎవరో దొంగ సంకేతాలు పంపి నిన్ను పక్కదోవ పట్టించారు. అదే నెల 27న మరో విడ్డూరం. ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లోకి ఒక పురుగును వదిలారు. అది రష్యా సైన్యం పనేనని అమెరికా, బ్రిటన్ తర్వాత ప్రకటించాయి. గురి ఉక్రెయిన్ మీద, దెబ్బ డెన్మార్క్ ఓడల కంపెనీ మేర్స్క్ మీద. ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ రేవులో వాళ్లు నడిపే టెర్మినల్ దాకా ఆగిపోయింది. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. ప్రపంచ నౌకా వ్యాపారాన్ని పది రోజులు కుంటించడానికి ఫిరంగి అక్కరలేదు, పన్ను లెక్కల పద్దు చాలు. గుమస్తా జాతికి ఇంతటి గౌరవం ఇంకెవరూ ఇవ్వలేదు.

అన్నట్టు ఆ కంపెనీ ఎలా బతికి బట్టకట్టిందో తెలుసా? ఏ కంప్యూటర్‌లోకి ఎవరిని రానివ్వాలో చెప్పే, వాళ్ల వ్యవస్థకు గుండెకాయలాంటి జాబితా నకళ్లు లోకమంతటా తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్క నకలు మిగిలింది, ఘనా ఆఫీసులో. దాడి జరిగే వేళకు అక్కడ కరెంటు పోయి ఉంది! మా పిక్క వచ్చేదీ ఆ దేశం నుంచే. ఈ కథ మా లైన్‌మన్‌కు చెప్పాను. అప్పటి నుంచి కరెంటు తీసినప్పుడల్లా 'మీ రక్షణ కోసమే' అంటున్నాడు.

ఆ తర్వాత ఎర్ర సముద్రం. 2023 నవంబరు నుంచి యెమెన్ హౌతీలు ఓడల మీద క్షిపణులు వేస్తుంటే పెద్ద కంపెనీలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టి తిరిగాయి. ఆ దారిన పోక తప్పని కొన్ని ఓడలు, చైనావారి జోలికి హౌతీలు రారన్న ఆశతో, నీలో గమ్యం రాయాల్సిన చోట 'మా సిబ్బంది అంతా చైనావారే' అని రాసుకున్నాయి. దిష్టిబొమ్మకు మసి పూసినట్టు. మా పిక్క ఘనా నుంచి ఎలాగూ ఆఫ్రికా చుట్టే వస్తుంది, మా దారిలో ఎర్ర సముద్రమే లేదు. అయినా కిరాయి పెరిగింది. ఎందుకని షిప్పింగ్ కంపెనీ కుర్రాణ్ణి అడిగితే 'యుద్ధం సార్' అన్నాడు. యుద్ధం మా ఓడకు రాలేదు కదా అంటే 'ఓడలన్నీ అటు పోయాయి సార్, పెట్టెలు దొరకడం లేదు' అన్నాడు. పక్కింటి పెళ్లికి మన ఇంట్లో గిన్నెలు మాయమైనట్టు.

అబద్ధమాడటం నీకు కంప్యూటర్లే నేర్పాయని అనుకోకు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ విశాఖ ముంగిటికి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు దాక్కుని ఉంది. దాని బదులు రాజ్‌పుత్ అనే పాత ఓడను సముద్రంలోకి పంపి, అదే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో ఊదరగొట్టించారు. అంతటితో ఊరుకోలేదు. విమానవాహక నౌకకు సరిపడా మాంసం, కూరగాయలు కావాలని విశాఖ కాంట్రాక్టర్లకు చెప్పారు, ఊళ్లో గూఢచారులుంటే చెవిన పడుతుందని. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ గారే రాసుకున్న సంగతి ఇది. ఘాజీ అక్కడే మునిగింది. చూశావా, నువ్వు పుట్టకముందే మా వాళ్లు కూరగాయల బుట్టలతో నీలిచుక్కను తయారుచేశారు. అందులో వర్తకులకు సొమ్ము ముట్టింది. నీ విషయంలో సొమ్ము మేమే ఇస్తున్నాం. నౌకాదళానికీ వ్యాపారానికీ మధ్య భాగస్వామ్యం అంటే నాకు మొదటిదే నచ్చింది.

ఆ భాగస్వామ్యం మీద ఈమధ్య విశాఖలో ఒక పెద్ద హోటల్లో సదస్సు జరిగింది. నన్ను పిలవలేదు, పప్పు ఇవ్వడానికి వెళ్లాను. పెద్ద గుండు రకం, ఇరవై కిలోలు, రెండు డబ్బాలు. వంటింటి తలుపు సందులోంచి వేదిక కనిపించింది. ఒక పెద్దమనిషి తెర మీద ప్రపంచపటం వేసి, నీ చుట్టాలందరినీ చీమల బారులా నడిపిస్తున్నాడు. ఓడల సమాచారం కంపెనీలు సైన్యానికిస్తాయట, సైన్యం భద్రతనిస్తుందట, తోట నుంచి నోటి దాకా ప్రతి గింజా కనిపిస్తుందట. చెబుతూనే పళ్లెంలోంచి గింజలు తీసి నోట్లో వేసుకుంటున్నాడు. దిగి వచ్చాక వడ్డించే కుర్రాడితో 'గోవా జీడిపప్పు ఎప్పుడూ బాగుంటుంది' అన్నాడు. ఖాళీ డబ్బా నా చేతిలోనే ఉంది, దాని మీద పలాస అని వేలెడంత అక్షరాలు.

మా బావ వరస అతను ఒకడు భావనపాడులో వేటకు పోతాడు. నీ పేరు ఎత్తితేనే మండిపడతాడు. 2018 చివర మా జిల్లావారితో సహా ఇరవై మంది ఆంధ్ర మత్స్యకారులు గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి, నీళ్ల మీద గీత దాటారని పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో వాఘా దగ్గర గడప దాటేదాకా జైల్లోనే. 'నీ పిక్కకు చుక్క ఉందిరా, మా వాళ్లకు లేకపోయింది' అంటాడు బావ. ఇప్పుడు లక్ష పడవలకు, అవి ఎక్కడున్నాయో చెప్పే ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా పెట్టే పథకం వచ్చింది, 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిస్తుంది, చేపలుండే చోటు కూడా చెబుతుంది అని చెప్పాను. కాసేపు ఆలోచించి 'నేను చేపలు పట్టే చోటు ఇంకెవరికి చెబుతుంది?' అని అడిగాడు. అదొక్కటే నేను ఏ సదస్సులోనూ వినని ప్రశ్న. దగ్గర్లో మూలపేట రేవు కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే నువ్వు బావ వలల మధ్యకే వస్తావు. మీరూ మీరూ చూసుకోండి.

కొలంబోలో మగ్గిన పెట్టె చివరికి మా గోదాము చేరింది. నీ పక్కన పచ్చటి టిక్కు పడింది, 'చేరవేత విజయవంతం' అని. మేస్త్రి నాలుగో వరుసలో ఒక బస్తా కుట్టు విప్పాడు. గోనె తడిగా ఉంది, లోపలి నుంచి ముక్కిన వాసన. పెట్టె పైకప్పుకు చెమట పట్టి బొట్టు బొట్టుగా బస్తాల మీద పడిందని అతని లెక్క. దోసెడు పిక్క తీసి ఒక్కొక్కటే నిలువునా కోసి నేల మీద పరిచాడు. తెల్లగా ఉండాల్సిన చోట మచ్చలు, కొన్ని పూర్తిగా నలుపు. షావుకారు గారు ఒకసారి ఆ నల్లపప్పును చూశారు, ఒకసారి ఫోనులో పచ్చ టిక్కును చూశారు. ఫోనును జేబులో పెట్టుకున్నారు.

నిన్న రెండో పెట్టె విశాఖలో దిగి ట్రైలర్ మీద బయలుదేరింది. దీని కోసం లారీలో కూడా నిన్ను పెట్టించారు. సాయంత్రం డ్రైవర్ ఫోను చేశాడు. స్పీకర్‌లో పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

'షావుకారు గారూ, మడపాం టోల్‌గేటు దాటాను. టీ తాగి బయలుదేరతాను.'

షావుకారు గారు రెండో ఫోనులో నిన్ను చూసుకుని, 'లేదయ్యా, నువ్వింకా విశాఖ రేవులోనే ఉన్నావు' అన్నారు.

అటువైపు కాసేపు నిశ్శబ్దం. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు.

'మరి ఈ టీ డబ్బులు ఎక్కడ ఇమ్మంటారు బాబూ?'

నీ చందా గడువు ఈ నెలాఖరుతో తీరిపోతోంది. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమట. కట్టేయమన్నారు. కట్టేశాను.

ఇట్లు,
తమరి విధేయుడు, షావుకారు గారి గుమస్తా,
పలాస.
(ఉన్నచోటు నిజమే. కావాలంటే టీ కొట్టులో అడగండి.)